ఎడమచేతి వాటం, ఎడమవైపు సేఫ్టీ: చిత్తూరు నుంచి వచ్చిన ఒక కేసు

ఆయన ఫోన్ చేసేసరికి రాత్రి పదిన్నర దాటింది. "సార్, పొద్దున పిస్టల్‌కు సేఫ్టీ వేసే నడుముకు పెట్టుకున్నా. ఇప్పుడు ఇంటికొచ్చి తీసి చూస్తే సేఫ్టీ తీసేసి ఉండాది. ఛాంబర్‌లో రౌండు ఉండాది. నేను దాన్ని ముట్టుకోనే లేదు సార్" అన్నారు. గొంతు వణుకుతోంది. సేఫ్టీ అంటే ట్రిగ్గర్ నొక్కినా పిస్టల్ పేలకుండా ఆపే చిన్న మీట. ఛాంబర్ అంటే పేలడానికి సిద్ధంగా తూటా, అంటే రౌండు, కూర్చునే చోటు.

పిస్టల్ ఎక్కడుందని అడిగాను. మంచం మీద ఉందన్నారు. గొట్టం ఎటువైపు ఉందని అడిగాను. కాసేపు మాట లేదు. గోడ వైపు అన్నారు. గోడ అవతల గదిలో మనవరాలు నిద్రపోతోందట. ముందు పాపను ఎత్తుకుని వేరే గదిలో పడుకోబెట్టి రమ్మన్నాను. పక్కింట్లో కట్టుబడి పని జరుగుతోంది కాబట్టి గోడ పక్కనే ఇసుక కుప్ప ఉంది. వేలు ట్రిగ్గర్ దరిదాపులకు పోకుండా పిస్టల్‌ను అక్కడికి తీసుకెళ్లి, గొట్టం ఇసుకలోకి చూపించి, మొదట మ్యాగజైన్ (రౌండ్లు నింపే పెట్టె), తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన కదిలే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌లోని రౌండు తీయించాను. ఆ రౌండు ఇసుకలో పడిన చప్పుడు ఫోన్‌లో నాకు వినిపించలేదు గానీ, ఆయన ఊపిరి వదలడం మాత్రం వినిపించింది.

నేను ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు చూసుకుని బాగుచేసేవాడిగా, 27 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటూ, లైసెన్సు ఉన్నవాళ్లకు ఆయుధాన్ని జాగ్రత్తగా వాడటం నేర్పిస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. ఎవరో తెలిసిపోకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆయనకు 52 ఏళ్లు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, ఇల్లు తిరుపతిలో. జూన్, జూలైలలో తోతాపురి కాయ దిగుతుంటే రైతులకు, కూలీలకు, లారీలవాళ్లకు రాత్రి దాకా డబ్బు చేతులు మారుతూనే ఉంటుంది. పూతలపట్టు మీదుగా చీకట్లో ఒక్కరే కారు నడుపుకుంటూ వస్తారు. ఒకసారి వెంబడించారు, రెండుసార్లు బెదిరింపు ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాతే లైసెన్సు తీసుకున్నారు. పిస్టల్ .32 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు). 9 ఎంఎం మన దగ్గర నిషిద్ధ బోర్ కాబట్టి మామూలు లైసెన్సుదారు చేతిలో ఎక్కువగా కనిపించేది ఈ .32 పిస్టలో, .32 రివాల్వరో.

ఆయనది పాత బ్రౌనింగ్ పద్ధతిలో తయారైన సింగిల్ యాక్షన్ పిస్టల్, అంటే ముందే లేచి ఉన్న హామర్‌ను ట్రిగ్గర్ వదిలేస్తుంది, అంతే. హామర్, అంటే రౌండును పేల్చే పిన్నును కొట్టే సుత్తి, లోపల దాగి ఉంటుంది. అది కాక్ అయి, అంటే కొట్టడానికి లేచి, ఉందో లేదో బయటికి కనిపించదు. సేఫ్టీ లివర్ ఎడమవైపు మాత్రమే ఉంది. పైకి నెడితే సేఫ్టీ పడుతుంది, కిందికి నొక్కితే కాల్చడానికి సిద్ధం. కుడిచేతి వాటం మనిషి బొటనవేలికి అది సరిగ్గా అందుతుంది. ఈయనది ఎడమచేతి వాటం.

మర్నాడు ఉదయమే కారులో వచ్చారు. నేను మొదట అడిగింది పిస్టల్ చూపించమని కాదు, కారులో కూర్చోమని. మ్యాగజైన్ బయట పెట్టించి, ఛాంబర్ ఖాళీ అని ఇద్దరం చెరోసారి వేలు పెట్టి చూసి, లివర్ పైకి నెట్టి, రోజూ పెట్టుకున్నట్టే ఎడమ నడుముకు పెట్టుకోమన్నాను. డ్రైవర్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు, దిగారు. లివర్ ఉన్నచోటే ఉంది. మళ్లీ చేయించాను. మూడోసారి దిగేసరికి లివర్ కిందికి వచ్చేసింది.

మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. బెల్టు బకిల్ ఎడమ తుంటి పక్కన ఉంటుంది. ఎడమ నడుముకు పిస్టల్ పెట్టుకుంటే దాని ఎడమ పక్క, అంటే లివర్ ఉన్న పక్క, ఒంటికి కాకుండా బయటికి చూస్తుంది. బెల్టు నాలుకను బకిల్‌లోకి కిందికి నొక్కేటప్పుడు ఆయన మణికట్టు గానీ, ఆ ఇనప నాలుక గానీ లివర్‌ను రాసుకుంటూ దిగుతోంది. లివర్‌కు కూడా కిందికి అంటే సేఫ్టీ తీయడమే. పదిసార్లు చేయించి చూశాను. మూడుసార్లు పూర్తిగా దిగింది, రెండుసార్లు సగంలో ఆగింది. సగంలో ఆగడం నన్ను ఎక్కువ భయపెట్టింది. తడిమి చూస్తే పైకి ఉన్నట్టే అనిపిస్తుంది.

అయినా మంచి స్ప్రింగు ఉన్న లివర్ అంత తేలిగ్గా జారకూడదు. టేబుల్ మీద పాత పంచె పరిచి పిస్టల్ విప్పాను. లివర్‌ను పైనా కిందా పట్టి ఉంచే చిన్న పిన్ను, దాని వెనక స్ప్రింగు ఉన్న సందులో గోధుమరంగు జిగురు. దానికి బనియన్ నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. ఏం నూనె వేస్తున్నారని అడిగితే కొబ్బరినూనె అన్నారు. మన ఎండకు, చెమటకు, దుమ్ముకు కొబ్బరినూనె కొన్ని నెలల్లో బంకలా తయారవుతుంది. పిన్ను ఆ బంకలో ఇరుక్కుని పూర్తిగా బయటికి రావడం లేదు. లివర్ పైకి వెళ్లినప్పుడు వినిపించాల్సిన "టక్" అనే చప్పుడు లేదు. జిగురు తీసి కుట్టుమిషన్ నూనె చుక్క వేశాక కొంత మెరుగైంది గానీ, స్ప్రింగు అలసిపోయింది. దాన్ని నేను మార్చలేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకు కూడా లైసెన్సు కావాలి. లైసెన్సున్న డీలర్ దగ్గరికి పంపితే మార్చి ఇచ్చారు.

అదే టేబుల్ మీద ఇంకొకటి కనబడింది. ఆయన రోజూ రాత్రి ఛాంబర్‌లోని రౌండు తీసి, పొద్దున అదే రౌండును మళ్లీ మ్యాగజైన్‌లో అన్నిటికన్నా పైన పెట్టి స్లైడ్ లాగేవారు. ఆ రౌండును, కొత్త రౌండును పక్కపక్కన నిలబెట్టాను. పాతది గోరు మందాన పొట్టిగా ఉంది. స్లైడ్ వెళ్లి గుద్దినప్పుడల్లా బుల్లెట్ కేసులోకి కొంచెం కొంచెం దిగిపోయింది. అలాంటి రౌండు పేలితే లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. "ఇది కూడా ప్రమాదమేనా సార్" అని ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

ఇక ఆయన నిజంగా అడగాలనుకున్న ప్రశ్నకు వచ్చారు. అసలు సేఫ్టీ వాడాలా, వద్దా?

ఆయనకు అప్పటికే రెండు సలహాలు అంది ఉన్నాయి. గతంలో ఒక నాయకుడికి గన్‌మ్యాన్‌గా చేసిన స్నేహితుడు, "సేఫ్టీ వేసుకుంటే టైముకి తీయడం మర్చిపోతావన్నా, తీసే పెట్టుకో" అన్నాడట. అమెరికాలో ఉన్న కొడుకు, "ఇక్కడ గ్లాక్ పిస్టల్‌కు సేఫ్టీ లివరే ఉండదు నాన్నా, అందరూ ఛాంబర్‌లో రౌండుతోనే పెట్టుకుంటారు" అన్నాడట. ఇద్దరూ ఆయన మేలు కోరినవాళ్లే. ఇద్దరూ వేరే పిస్టల్ గురించి చెప్పారు.

గ్లాక్‌ను ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకుంది. దానికి బయట లివర్ లేదన్నది నిజమే గానీ సేఫ్టీ లేదన్నది నిజం కాదు. ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుక ఉంటుంది, దాన్ని నొక్కితేనే ట్రిగ్గర్ కదులుతుంది. ట్రిగ్గర్ వెనక్కి వచ్చేదాకా రౌండును పేల్చే లోపలి పిన్నుకు (గ్లాక్‌లో దాన్ని స్ట్రైకర్ అంటారు) అడ్డం ఉంటుంది. కిందపడినా ఆ పిన్ను ముందుకు పోలేదు. ట్రిగ్గర్ నొక్కే దాకా స్ట్రైకర్ పూర్తిగా కాక్ కూడా అయి ఉండదు. ఈయన పిస్టల్‌లో హామర్ పూర్తిగా లేచి, స్ప్రింగు పూర్తిగా బిగుసుకుని ఉంటుంది. ట్రిగ్గర్ తేలిక, ప్రయాణం తక్కువ. దానికీ ప్రమాదానికీ మధ్య మనిషి అదుపులో ఉన్నది ఆ ఒక్క లివరే. ఆ లివర్ కూడా హామర్‌ను పట్టి ఉంచే భాగాన్నే ఆపుతుంది. పాత పిస్టళ్లలో ఫైరింగ్ పిన్నుకు విడిగా అడ్డం ఉండదు. ఛాంబర్‌లో రౌండుతో గొట్టం కిందికి ఉండేలా గట్టి నేల మీద పడితే, సేఫ్టీ వేసి ఉన్నా పిన్ను దాని బరువుకే ముందుకు పోయి గుద్దే అవకాశం ఉంది. ఈ మాట లైసెన్సుదారుల్లో చాలామందికి ఎవరూ చెప్పరు.

అమెరికాలోనైనా ఈ వాదన తేలిపోయిందేమీ లేదు. 2017లో అక్కడి సైన్యం ఎంచుకున్న సిగ్ కంపెనీ ఎం17 పిస్టల్‌కు చేతితో వేసే సేఫ్టీ ఉంది.

అప్పుడు ఆయన ఒక మాట అన్నారు. "సార్, 2015లో మా చిత్తూరు కార్పొరేషన్ ఆఫీసులోనే మేయర్‌ను కాల్చి చంపినారు. పట్టపగలు, ఆఫీసులో. మనకు ఎంత టైముంటాది చెప్పండి?" ఆ నవంబరు 17 చిత్తూరువాళ్లెవరూ మర్చిపోలేదు. ఆ ఘటన గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ ప్రశ్న న్యాయమైనది. దానికి మాటలతో జవాబు చెప్పకుండా కొలిచి చూద్దాం అన్నాను.

డమ్మీ (పేలని) రౌండ్లు పెట్టి, అసలు రౌండ్లను వేరే గదిలో తాళం వేసి, ఎడమచేత్తో 20 సార్లు తీయించాను. ఫోన్‌లో స్లో మోషన్‌లో వీడియో తీశాను. 20లో ఏడుసార్లు సేఫ్టీ తీయకుండానే ట్రిగ్గర్ నొక్కారు. అది నేను ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి. ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు కుడివైపు ఉంటుంది, లివర్ ఎడమవైపు. కాబట్టి ఆయన చూపుడువేలును వెనక్కి మడిచి లివర్‌ను కిందికి లాగుతున్నారు. ఆ వేలు కిందికి జారి, అదే ఊపులో ముందుకు, ట్రిగ్గర్ మీదికి పోతోంది. రెండుసార్లు పిస్టల్ ఇంకా ఆయన తొడ వైపు చూస్తుండగానే వేలు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మి) లోపల ఉంది. వీడియో ఆపి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది.

గన్‌మ్యాన్ స్నేహితుడి సలహా ప్రకారం సేఫ్టీ తీసి పెట్టుకుంటే ఈ రెండూ ఉండవు కదా అనిపించవచ్చు. అందుకే ఆయనను ఒక పని చేయమన్నాను. ఒక రోజంతా, పిస్టల్‌ను చేతితో ముట్టుకున్న ప్రతిసారీ చిన్న నోటుబుక్కులో గీత పెట్టుకోమన్నాను. మర్నాడు తెచ్చి చూపించారు. పొద్దున పెట్టుకున్నప్పుడు, పూజకు తీసినప్పుడు, మళ్లీ పెట్టుకున్నప్పుడు, ఫ్యాక్టరీలో బాత్‌రూముకు, బ్యాంకుకు వెళ్లేముందు, మధ్యాహ్నం కునుకుకు, రాత్రి. తీయడం, పెట్టడం కలిపి 14. వాటిలో నాలుగుసార్లు రౌండు తీసి మళ్లీ ఎక్కించారు. లైసెన్సు వచ్చిన నాలుగేళ్లలో ఎవరి మీదైనా తీయాల్సి వచ్చిందా అంటే, ఒక్కసారీ లేదు.

ఆయన ప్రమాదం ఆ 14 గీతల్లో ఉంది. నేను సర్వీసులో చూసిన అనుకోని కాల్పులన్నీ అలాంటి వేళల్లోనే. ఒక గార్డు రూములో డ్యూటీ మారేటప్పుడు ఒకతను ముందు స్లైడ్ లాగి, తర్వాత మ్యాగజైన్ తీశాడు. వరస తారుమారైంది. లాగినప్పుడు ఒక రౌండు బయటపడింది, వెంటనే మ్యాగజైన్ నుంచి ఇంకొకటి ఎక్కింది. ఖాళీ అనుకుని ట్రిగ్గర్ నొక్కాడు. తూటా బండకు తగిలి, రాతి పెచ్చు పక్కవాడి పిక్కలో దిగింది. ఆ నెత్తురు కడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే నేర్పడానికి కూర్చున్నప్పుడు మొదటి గంట మ్యాగజైన్ ముందు, స్లైడ్ తర్వాత అనే వరస తప్ప ఇంకేమీ చెప్పను.

లివర్‌కు ఇంకో మెలిక కూడా ఉంది. ఈ తరహా పిస్టళ్లలో సేఫ్టీ వేస్తే స్లైడ్ కూడా బిగుసుకుంటుంది. రౌండు తీయాలంటే సేఫ్టీ తీయాల్సిందే. అంటే చేతులు అటూ ఇటూ కదిలే ఆ క్షణంలోనే లివర్ మనకు అండగా ఉండదు. కాబట్టి సేఫ్టీ వేస్తే చాలదు, ముట్టుకోవడమే తగ్గించాలి.

ఆయనకు ఏం చెప్పానంటే: ఈ పిస్టల్‌తో ఛాంబర్‌లో రౌండు పెట్టుకుంటే సేఫ్టీ ఎప్పుడూ వేసే ఉండాలి. ఇంట్లో ఒకలా, రాత్రి రోడ్డు మీద ఒకలా ఉండకూడదు. పిస్టల్ బయటికి వచ్చిన ప్రతిసారీ బొటనవేలు లివర్‌ను కిందికి నొక్కాలి, అది పైన ఉన్నా కింద ఉన్నా సరే. అలా చేయగలగాలంటే చెయ్యి మారాలి.

"ఈ వయసులో కుడిచెయ్యా సార్?" అన్నారు. ఆయన అన్నం ఏ చేత్తో తింటారని అడిగాను. కుడిచేత్తోనే. చిన్నప్పుడు ఎడమచెయ్యి పెడితే నాయనమ్మ గరిటెతో కొట్టేదట. రాత కూడా కుడిచేత్తోనే, బడిలో అయ్యవారు మాన్పించారు. రాయి విసరడం, సుత్తి పట్టడం, మామిడికాయ కోయడం మాత్రం ఎడమ. మన ఇళ్లలో పెరిగిన ఎడమచేతివాటం మనుషులకు కుడిచెయ్యి మరీ పరాయిది కాదు. తర్వాత రెండు అరచేతులతో చిన్న కిటికీలా చేసి, దూరంగా తిరుమల కొండ మీది ఒక రాతిని అందులోంచి చూస్తూ ఒక్కో కన్ను మూయమన్నాను. ఎడమ కన్ను మూసినా రాయి కదల్లేదు. ఆయనది కుడి కన్ను వాటం. గురి చూడటానికి కుడిచెయ్యే ఆయనకు మేలు. ఇన్నాళ్లూ తల వంచి తిప్పుకుంటూ గురి చూస్తున్నారు.

రివాల్వర్‌కు మారిపోవడం కూడా మాట్లాడుకున్నాం. డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో, అంటే ట్రిగ్గర్ నొక్కుతుంటేనే హామర్ లేచి కొట్టేదానిలో, బరువైన, పొడవైన ట్రిగ్గరే సేఫ్టీ. ఏ చేతికైనా ఒకటే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను దాన్నే చెబుతాను. కానీ ఈయన ఈ పిస్టల్‌కు అలవాటు పడ్డారు, మార్చుకోవడానికి కాగితాలు, తిరుగుడు. ముందు నేర్చుకుని చూస్తానన్నారు.

నేర్చుకునేంత వరకు ఛాంబర్ ఖాళీగా, మ్యాగజైన్ మాత్రం నింపి పెట్టుకోమన్నాను. "అట్లయితే అది ఇనప ముక్కే కదా సార్" అన్నారు, కొంచెం కోపంగానే. అవసరమైతే స్లైడ్ లాగడానికి రెండో చెయ్యి కావాలి, ఒక క్షణం ఆలస్యమవుతుంది, అది నిజమే. ఆ క్షణం కోసం పాప పక్కగదిలో ఉన్న ఇంట్లో ఇరవైలో ఏడుసార్లు తప్పే చెయ్యిని నమ్మలేనని చెప్పాను. ఒప్పుకున్నారు.

హోల్‌స్టర్, అంటే నడుముకు పెట్టుకునే పిస్టల్ ఒర, పని ఎక్కువ రోజులు పట్టింది. పాతది మెత్తటి రెక్సిన్ సంచిలా ఉంది, లివర్ దగ్గర తెరిచి ఉంది, ట్రిగ్గర్ గార్డు సగమే కప్పుతోంది. మందపాటి తోలుతో కొత్తది కుట్టించుకుందామనుకుంటే, కొలతకు పిస్టల్‌ను తోలు పనివాడి చేతికి ఇవ్వడం కుదరదు. లైసెన్సు లేని మనిషి చేతికి ఇవ్వకూడదు. ఆయన ఫ్యాక్టరీ వడ్రంగి చేత వేపచెక్కతో అదే కొలతలో నమూనా చెక్కించారు. లివర్ పొడుచుకొచ్చిన చోట చిన్న చెక్క మేకు కూడా దిగ్గొట్టించారు. ఆ చెక్క పిస్టల్ మీద తడితోలు బిగించి ఆరబెట్టి కుట్టారు. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుంది, ఒంటి వైపు తోలు లేచి లివర్‌కు గోడలా నిలిచింది. కుడి నడుముకు పెట్టుకుంటే బకిల్‌కు దూరం, లివర్ లోపలివైపు. అన్నిటికన్నా ముఖ్యం, పిస్టల్‌తో సహా హోల్‌స్టర్ మొత్తం నడుము బెల్టు నుంచి ఊడి వస్తుంది. పూజకు, కునుకుకు పిస్టల్‌ను బయటికి తీయక్కర్లేదు. మొత్తం తీసి చిన్న ఇనప పెట్టెలో పెట్టి తాళం వేయడమే. 14 గీతల్లో చెయ్యి పిస్టల్‌ను నేరుగా తాకేవి రెండుకు తగ్గాయి.

2016 ఆయుధ నియమాలు కూడా చెప్పేది ఇదే. బయట తిరిగేటప్పుడు పిస్టల్ హోల్‌స్టర్‌లో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. తిరుమలకు వెళ్లే రోజు మాత్రం ఇంట్లో పెట్టెలోనే ఉంచమన్నాను. అలిపిరి దాకా తెచ్చి కారులో వదిలేయడం అదుపులో ఉండటం కాదు.

ఆరు వారాలు రోజూ రాత్రి పావుగంట. గదిలో ఒక్క అసలు రౌండు ఉండకూడదు. చొక్కా ఎత్తడం, పట్టు, పైకి లాగడం, గొట్టం ముందుకు తిరుగుతుండగా బొటనవేలు కిందికి, చూపుడువేలు మాత్రం పిస్టల్ పక్కన చాచి. మొదటి వారం ఆయనకు విసుగు. మూడో వారంలో ఒకరోజు టీవీ రిమోట్‌ను పట్టుకున్నా బొటనవేలు కిందికి నొక్కుతోందని ఇంట్లోవాళ్లు అన్నారట, సంతోషంగా చెప్పారు. నాకూ సంతోషమే అనిపించింది. అనుమతి ఉన్న రేంజ్‌లో నాలుగుసార్లు నిజమైన రౌండ్లతో చేయించాను. మళ్లీ వీడియో తీశాను. సేఫ్టీ వేసి తీసినవి, వేయకుండా తీసినవి పక్కపక్కన పెట్టి చూశాం. తేడా కంటికి దొరకలేదు. పిస్టల్ పైకి లేచే లోపే బొటనవేలి పని అయిపోతోంది. టైము గురించి ఆయన అడిగిన దానికి అదే జవాబు.

మొన్న ఆఖరి పరీక్ష పెట్టాను. 30 సార్లు తీయించాను. ముప్పైసార్లూ లివర్ దిగింది, వేలు ట్రిగ్గర్ మీదికి తొందరపడలేదు. కానీ తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు నాలుగుసార్లు సేఫ్టీ వేయడం మర్చిపోయారు. తీసేటప్పుడు ఉన్న శ్రద్ధ పెట్టేటప్పుడు లేదు, పని అయిపోయిందన్న నిమ్మళం వచ్చేస్తోంది. లివర్ పైకి నెట్టి, "వేశాను" అని గట్టిగా అని, కళ్లతో చూసి, అప్పుడు లోపలికి పెట్టాలని చెప్పి ఇంకో 20 సార్లు చేయించాను. అందులో ఒకటి తప్పింది. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నాను. అప్పటిదాకా ఛాంబర్ ఖాళీగానే.